పొద్దున రైలు దిగి, రాత్రి రైలెక్కేలోపు

మాది హిందూపురం దగ్గర అని తెలియగానే హాస్టల్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న బాలకృష్ణ గారి గురించి. దానికి జవాబు చెప్పడం సులువు. రెండో ప్రశ్న మాత్రం కష్టం: "ఒక్క రోజు ఖాళీ ఉంది. మీ వైపు వస్తే ఏమేం చూడొచ్చు?"

అడిగిన వాళ్ల దగ్గర ఇంచుమించు ఒకే లిస్టు ఉంటుంది. లేపాక్షి, పెనుకొండ కోట, ధర్మవరం పట్టుచీరలు, వీలైతే పుట్టపర్తి కూడా. పొద్దున హిందూపురంలో రైలు దిగుతారు, రాత్రి ధర్మవరంలో రైలెక్కుతారు. మధ్యలో పన్నెండు గంటలు. "నాలుగూ అయిపోతాయి కదా?" అంటారు.

అవుతాయా, అవవా అన్నది లెక్క వేస్తే తేలిపోతుంది. ఆ లెక్క కింద వేసి చూపిస్తాను. దానికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది: అసలు ఆ రోజు ఎందుకు? దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక ఓడ గురించి చెప్పాలి.

ఓడ ఆగదు

మా చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, క్రూయిజ్ షిప్పులో వంటగదిలో పని చేస్తాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి వెళ్లాడు. ఆ ఓడ మధ్యధరా సముద్రంలో తిరుగుతుంది. రాత్రంతా ప్రయాణం, పొద్దున ఒక రేవు, సాయంత్రం మళ్లీ ప్రయాణం. ఎక్కిన వాళ్లకి ఒక్కో ఊళ్లో దొరికేది ఒక్క పగలు.

అక్కడ ఉండే తిరకాసు ఏంటంటే, చాలా చోట్ల రేవు వేరు, అందరూ చూడాలనుకునే ఊరు వేరు. రోమ్ చూద్దామని వచ్చిన వాళ్లని ఓడ దింపేది చివితావెక్కియా అనే రేవులో. అక్కడి నుంచి రోమ్ సుమారు 70, 80 కిలోమీటర్లు. ఫ్లోరెన్స్ చూడాలంటే దిగేది లివోర్నోలో. ఫ్లోరెన్స్ అక్కడికి సుమారు 90 కిలోమీటర్లు, ఒరిగిన గోపురం ఉన్న పీసా మాత్రం దగ్గర. ఏథెన్స్‌కి దిగేది పిరేయస్‌లో, అది పక్కనే, పది కిలోమీటర్ల లోపే. అంటే ఒక్కో రేవులో ప్రశ్న ఒక్కోలా ఉంటుంది. దూరంగా ఉన్న పెద్ద పేరుకి పోవాలా, దగ్గరగా ఉన్న చిన్న పేరుకి పోవాలా, లేకపోతే దిగిన రేవులోనే కాళ్లాడిస్తూ తిరిగి, ఒక చోట కూర్చుని తిని, వెనక్కి రావాలా?

ఓడ బయల్దేరడానికి ముందు "అందరూ లోపల ఉండాల్సిన టైం" అని ఒకటి ఉంటుంది. ఓడ వాళ్లే ఏర్పాటు చేసిన బస్సు టూర్ లేటయితే సాధారణంగా ఆగుతారు. సొంతంగా వెళ్లిన వాళ్లు లేటయితే మాత్రం ఓడ వెళ్లిపోతుంది. తర్వాతి రేవుకి ఎలా చేరుకుంటారన్నది వాళ్ల తిప్పలు, వాళ్ల ఖర్చు. డెక్ మీద జనం నిలబడి చూస్తుండగా రేవులో ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకుంటూ రావడం తను చాలాసార్లు చూశానని మామ చెప్తాడు.

మన రైలూ అంతే కదా. లేటుగా వస్తుందేమో గానీ, మన కోసం ఆగదు. అందుకే ఓడ ప్రయాణికులు పాటించే మొదటి సూత్రం మనకీ పనికొస్తుంది: ప్లాన్ పొద్దున్నించి మొదలుపెట్టి రాత్రికి రాయకూడదు. రాత్రి రైలు టైం దగ్గర మొదలుపెట్టి వెనక్కి రాయాలి.

మ్యాప్‌లో మన మూడు రేవులు

బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే రైలు లైనులో దక్షిణం నుంచి ఉత్తరానికి వరసగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వస్తాయి. కొన్ని రైళ్లు మధ్యలో పుట్టపర్తికి దగ్గరగా ఉన్న శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్ మీదుగా పోతాయి. మొన్నమొన్నటి దాకా ఇదంతా అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా అయింది.

హిందూపురం నుంచి పెనుకొండకి రోడ్డు మీద నలభై కిలోమీటర్ల దరిదాపు. పెనుకొండ నుంచి ధర్మవరానికి ఇంకో నలభై, యాభై. ఈ మూడూ ఒక గీత మీద ఉన్నట్టే. లేపాక్షి మాత్రం గీత మీద లేదు. హిందూపురానికి తూర్పుగా పదిహేను కిలోమీటర్లు పక్కకి పోవాలి, బస్సులో వెళ్తే మళ్లీ వెనక్కి రావాలి. డేటా స్ట్రక్చర్స్ భాషలో చెప్పాలంటే మిగతావి ఒక లింక్డ్ లిస్టు, లేపాక్షి పక్కకి వేలాడే కొమ్మ. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

లేపాక్షి: తల ఎత్తి చూడాల్సిన చోటు

లేపాక్షి వీరభద్రస్వామి గుడి విజయనగర కాలంనాటిది. అచ్యుతదేవరాయల కాలంలో, పదహారో శతాబ్దం మొదటి సగంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. కూర్మశైలం అని పిలిచే, తాబేలు వీపులాంటి బండ మీద ఉంటుంది. ఊరి పేరుకి రెండు కథలున్నాయి. ఒకటి, రావణుడి చేతిలో దెబ్బ తిని పడిపోయిన జటాయువుని రాముడు "లే, పక్షీ" అన్నాడని. రెండోది విరూపణ్ణ కథ. రాజుగారి ఖజానా డబ్బు అనుమతి లేకుండా గుడికి ఖర్చు పెట్టాడన్న నింద మీద పడితే, రాజు శిక్ష వేసేలోపే తన కళ్లు తనే పీకి గోడకేసి కొట్టాడట. ఆ మరకలివే అని గోడ మీద రెండు ఎర్రటి గుర్తులు చూపిస్తారు. పక్కనే సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం ఉంది. కథ నిజమైనా కాకపోయినా, ఆ మొండి స్తంభాల మధ్య నిలబడితే పని ఉన్నట్టుండి ఆగిపోయిందని మాత్రం అర్థమవుతుంది.

వచ్చిన వాళ్లు ఎక్కువమంది పోయేది వేలాడే స్తంభం దగ్గరికి. స్తంభం అడుగున సందులోంచి టవలో చున్నీనో ఇటు నుంచి అటు లాగి, వీడియో తీసుకుని, బయటికొచ్చి నంది దగ్గర ఇంకో ఫొటో. నలభై నిమిషాల్లో లేపాక్షి అయిపోతుంది. ఆ నలభై నిమిషాల్లో వాళ్లు తల ఎత్తి పైకప్పు చూడరు. అసలు నిధి అక్కడే ఉంది. పార్వతి పెళ్లి, కిరాతార్జునుల కథ, న్యాయం కోసం సొంత కొడుకునే శిక్షించిన మనునీతి చోళుడి కథ, ఇవన్నీ సున్నపు గచ్చు మీద రంగుల్లో వేశారు. అందులో ఆడవాళ్ల చీరల అంచులు, మగవాళ్ల పొడుగు టోపీలు, నగలు ఒక్కొక్కటీ వేరుగా ఉంటాయి. ఐదు వందల ఏళ్ల కిందట ఇక్కడి మనుషులు ఎలాంటి బట్టలు కట్టుకునేవాళ్లో చూపించే ఆల్బమ్ అన్నమాట. లతా మండపం స్తంభాల మీద చెక్కిన డిజైన్లు ఇప్పటికీ చీరల మీద కనిపిస్తాయి. ధర్మవరం ఎందుకు వెళ్లాలో లేపాక్షిలోనే సగం అర్థమవుతుంది.

2022లో ఈ గుడినీ, ఒకే రాతిలో చెక్కిన నందినీ కలిపి యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. లోపల వెలుతురు తక్కువ, కళ్లు అలవాటు పడటానికే కాసేపు పడుతుంది. అందుకే నా అంచనా: రెండు గంటల కంటే తక్కువ టైం ఉంటే వేలాడే స్తంభం చూస్తారు, లేపాక్షి చూడరు.

పెనుకొండ: రాజధాని పారిపోయి వచ్చిన చోటు

1565లో తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక విజయనగరం, అంటే హంపి, పాడైపోయింది. ఆయన తమ్ముడు తిరుమల రాయలు మిగిలిన పరివారాన్ని తీసుకుని వచ్చి రాజధానిగా పెట్టుకున్నది పెనుకొండనే. తర్వాత రాజధాని చంద్రగిరికి మారింది. స్కూల్లో మనం "విజయనగరం 1565తో పతనమైంది" అని ఒక లైనులో చదివేస్తాం. ఆ లైను తర్వాత కూడా కథ కొన్ని దశాబ్దాలు నడిచిందనడానికి సాక్ష్యం పెనుకొండ.

ఇక్కడ లేపాక్షిలా అంతా ఒకే ప్రాకారంలో ఉండదు. గగన్ మహల్ ఒక చోట, కోట గోడలు, బురుజులు ఊరంతా అక్కడక్కడా, పక్కపక్కనే రాముడి గుడి, శివుడి గుడి, ఇంకో వీధిలో జైనుల పార్శ్వనాథుడి గుడి, ఇంకో వైపు బాబయ్య దర్గా. మంత్రి తిమ్మరుసుని బంధించింది ఇక్కడే అని ఊళ్లో వాళ్లు ఒక చోటు చూపిస్తారు. కొండ మీద నరసింహస్వామి గుడి, పాత కోట శిథిలాలు. కొండెక్కాలంటే పొద్దునో సాయంత్రమో వెళ్లాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద నడవడం వద్దు, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా.

ఇప్పుడు పెనుకొండ అంటే బయటి వాళ్లకి గుర్తొచ్చేది కియా కార్ల ఫ్యాక్టరీ. ఊరికి దగ్గరగా, ఎర్రమంచి దగ్గర, 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఒకప్పుడు రాజధానిని ఇక్కడికి తెచ్చింది కొండ, కోట అయితే, ఫ్యాక్టరీని తెచ్చిన కారణాల్లో నేషనల్ హైవే 44, బెంగళూరు దగ్గరతనం ఉన్నాయి. ఒకే ఊరికి రెండు కాలాల్లో రెండు రకాల విలువ.

ధర్మవరం: కొనడానికి కాదు, ముందు చూడటానికి

ధర్మవరం జంక్షన్. బెంగళూరు, గుంతకల్లు, కదిరి మీదుగా పాకాల, మూడు వైపులా లైన్లున్నాయి. రాత్రి రైలుకి అందరూ దీన్నే ఎంచుకోవడానికి కారణం అదే. ఊరు మాత్రం బతికేది పట్టు మీద. ధర్మవరం చేనేత పట్టుచీరలకీ పావడాలకీ భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, ఉంది.

చాలామంది స్టేషన్‌కి పోయే దారిలో ఒక షాపులోకి దూరి, అరగంటలో అమ్మకి ఒక చీర కొని, రైలెక్కేస్తారు. తప్పేం లేదు. కానీ ఆ అరగంటలో మీకు తెలియనిది ఒకటుంది: కొన్న చీర చేతిమగ్గం మీద నేసిందా, మరమగ్గం మీద వచ్చిందా? చేనేత రిజర్వేషన్ చట్టం అని 1985 నాటిది ఒకటుంది. కొన్ని రకాల బట్టలు చేతిమగ్గం మీదే నెయ్యాలని చెప్తుంది. అయినా మగ్గం మీద రోజుల తరబడి నేసిన డిజైన్‌ని మరమగ్గం మీద తొందరగా దించేసి తక్కువ ధరకి అమ్ముతున్నారని ఇక్కడి నేతగాళ్ల పాత ఫిర్యాదు. చూడటానికి రెండూ దగ్గరగానే ఉంటాయి. తేడా తెలియాలంటే ఒక్కసారైనా మగ్గం ముందు నిలబడాలి. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని తొక్కుతుంటే పడుగు విడిపోవడం, మధ్యలోంచి పేక దూరడం, పైన జాకార్డ్ అట్టల చిల్లులు ఏ పోగు లేవాలో చెప్పడం. ఆ చిల్లుల అట్టలే తర్వాత కంప్యూటర్ల పంచ్ కార్డులకి దారి చూపాయని మన ఫస్ట్ ఇయర్‌లో చెప్పే ఉంటారు. సీఎస్ఈ వాళ్లకి ఇంతకంటే మంచి ఇండస్ట్రియల్ విజిట్ ఏముంటుంది?

కొనేటప్పుడు హ్యాండ్‌లూమ్ మార్క్, సిల్క్ మార్క్ ఉన్నాయా అడగండి. మగ్గం చూడాలంటే తెలిసిన వాళ్ల ద్వారా వెళ్లండి. అది వాళ్ల ఇల్లు, పనివేళ. మన కోసం ఆపిన ప్రతి నిమిషం వాళ్ల సంపాదనలోంచి పోతుంది.

ఇప్పుడు లెక్క

పొద్దున 8కి హిందూపురంలో దిగి, రాత్రి 8కి ధర్మవరంలో ఎక్కాలి. పన్నెండు గంటలు, అంటే 720 నిమిషాలు. కింద ఉన్నవి బస్సు కోసం ఎదురుచూసే టైం కూడా కలుపుకుని నేను వేసుకున్న అంచనాలు. మూడూ చూద్దాం అనుకుంటే (పుట్టపర్తి అప్పుడే ఎగిరిపోయింది, గమనించండి):

టిఫిన్: 45
హిందూపురం నుంచి లేపాక్షి: 60
లేపాక్షి చూడటం: 120
తిరిగి హిందూపురం: 60
భోజనం: 45
హిందూపురం నుంచి పెనుకొండ: 90
పెనుకొండ చూడటం: 120
పెనుకొండ నుంచి ధర్మవరం: 105
ధర్మవరంలో చీరలు: 75

కూడితే సరిగ్గా 720. చూశారా, సరిపోయింది! మనవాళ్లు ఇక్కడే సంబరపడిపోయి వాట్సాప్ గ్రూపులో ప్లాన్ పోస్ట్ చేసేస్తారు. ఇంకోసారి చూడండి. అందులో బస్సుల్లో, బస్టాండ్లలో 315 నిమిషాలు, చూడటానికి 315 నిమిషాలు. అంటే చూసిన ప్రతి నిమిషానికి ఒక నిమిషం రోడ్డు మీదే. పైగా చేతిలో మిగిలింది సున్నా. ఒక్క బస్సు పదినిమిషాలు లేటయినా రైలు పోతుంది.

కాబట్టి ముందు గంటన్నర, అంటే 90 నిమిషాలు పక్కన పెట్టేద్దాం. ఇది ఎవరికీ ఇవ్వకూడని డబ్బు లాంటిది. అప్పుడు మూడు చోట్లకీ కలిపి చూసే టైం 225 నిమిషాలకి పడిపోతుంది. ఒక్కో చోట గంటా పావు.

పెనుకొండ వదిలేస్తే? లేపాక్షికి పోయి రావడం 120, హిందూపురం నుంచి నేరుగా ధర్మవరం 150, తిండి 90, పక్కన పెట్టింది 90. మొత్తం 450. చూడటానికి 270 మిగులుతాయి. లేపాక్షిలో మూడు గంటలు, ధర్మవరంలో గంటన్నర.

లేపాక్షి వదిలేస్తే? రోడ్డు మీద 195, తిండి 90, పక్కన పెట్టింది 90. మొత్తం 375. చూడటానికి 345. పెనుకొండలో మూడుంపావు గంటలు, ధర్మవరంలో రెండున్నర గంటలు. అన్నిటికంటే పేరున్న చోటు వదిలేస్తేనే అన్నిటికంటే ఎక్కువ టైం దొరుకుతోంది. కొమ్మ అన్నాను కదా, దాని ఖరీదు ఇది.

ఇంకో ఉపాయం ఉంది, చాలామంది ఆలోచించనిది: ఎక్కే స్టేషన్ మార్చడం. ధర్మవరం వదిలేసి, రాత్రి రైలు పెనుకొండలోనే ఎక్కితే, రోడ్డు మీద 210, తిండి 90, పక్కన పెట్టింది 90. లేపాక్షి, పెనుకొండ రెండిటికీ కలిపి 330 నిమిషాలు. అయితే అన్ని రైళ్లూ పెనుకొండలో ఆగవు, టికెట్ తీసుకునేముందే చూసుకోవాలి. కారు ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. లేపాక్షి నుంచి వెనక్కి హిందూపురం రాకుండా కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర హైవే 44 ఎక్కి, పాలసముద్రం మీదుగా పెనుకొండ పోవచ్చు. కొమ్మ కాస్తా చుట్టుదారి అయిపోతుంది. కాబట్టి "లేపాక్షికి పోవాలా వద్దా" అన్నది గుడి గొప్పతనాన్ని బట్టి కాదు, మీరు ఎందులో వస్తున్నారన్నదాన్ని బట్టి కూడా తేలుతుంది.

మన సిలబస్ తెలిసిన వాళ్లు ఇది నాప్‌శాక్ లాగా ఉందే అనుకుని ఉంటారు. దగ్గరి చుట్టమే గానీ అదే కాదు. నాప్‌శాక్‌లో ఒక్కో వస్తువు బరువు మారదు. ఇక్కడ ఒక చోటికి అయ్యే ఖర్చు, దానికి ముందు ఎక్కడున్నాం అన్నదాని మీద ఆధారపడుతుంది. దీనికి ఓరియెంటీరింగ్ ప్రాబ్లం అని వేరే పేరుంది: ఒక చోట మొదలై, ఒక చోట ముగియాలి, టైం ఇంతే, దారిలో ఎక్కువ మార్కులు ఏరుకోవాలి. ఎన్‌పీ-హార్డ్. ఊళ్ల సంఖ్య పెరిగితే కంప్యూటర్ కూడా చేతులెత్తేస్తుంది. భయపడకండి, నాలుగు చోట్లకి ఏవి చూడాలి, ఏ వరసలో చూడాలి అని అన్నీ కలిపినా 64 దారులే. సగం చూడగానే కుదరవని తెలిసిపోతాయి. మిగిలినవి టీ తాగేలోపు కాగితం మీద తేల్చేయొచ్చు.

మార్కులు ఎవరు వేస్తారు?

ఈ లెక్కలో నేను ఇప్పటిదాకా చెప్పనిది ఒకటుంది. ఒక్కో చోటికి మార్కులెన్ని? టైం ఎవరు కొలిచినా ఒకటే. మార్కులు అలా కాదు.

పోయినసారి మామ సెలవు అయిపోయి, ఓడకి తిరిగి పోయేముందు ఒక్క రోజు మిగిలింది. అర్ధరాత్రి దాటాక బెంగళూరు నుంచి ఫ్లైటు. మళ్లీ వచ్చేది చాలా నెలల తర్వాత. ఇటలీ, గ్రీసు రేవులన్నీ చూసినవాడికి వాళ్లమ్మని, అంటే మా అవ్వని, పట్టుమని ఒక్క చోటికి తీసుకుపోలేదన్న దిగులు ఉండేది. లేపాక్షి, పెనుకొండ చూపిద్దామని కారు మాట్లాడాడు. అవ్వకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. దాన్ని బట్టి నన్ను టైం లెక్క వెయ్యమన్నాడు.

అవ్వ అంతా విని, "గుడి యాడికీ పోదు లే నాయనా. నన్ను ధర్మవరం తోలుకోని పో, మా అక్కను చూసొస్తా" అనింది.

ధర్మవరం ఉత్తరాన, ఎయిర్‌పోర్టు దక్షిణాన. దారి ప్రకారం చూస్తే అంతకంటే తిక్క రూటు లేదు. అయినా పొద్దున ఏడుకి బయల్దేరి పోయినాం. పెద్దవ్వ వాళ్లది నేతగాళ్ల వీధి. ఇద్దరూ చిన్నప్పుడు వాళ్ల నాయన మగ్గం పక్కనే కూర్చుని కండెలకి నూలు చుట్టేవాళ్లంట. ఇప్పుడు ఆ ఇంట్లో మగ్గం లేదు, గుంట పూడ్చేసి పైన బండ పరిచినారు. పెద్దవ్వ మనవళ్లు చీరల షాపులో పని చేస్తారు. ఇద్దరు అక్కచెల్లెళ్లు సరిగ్గా ఆ బండ మీదే చాప వేసుకుని కూర్చున్నారు. ముద్ద, పప్పు, ఊర్బిండి తిన్నాం. వాళ్లు పెద్దగా ఏం మాట్లాడుకున్నట్టు కూడా లేదు. ఎవరెవరు పోయినారు, ఎవరి బిడ్డ ఎక్కడుంది, అంతే. మామ గోడకానుకుని కూర్చుని వింటూ నిద్రపోయినాడు. నాలుగు గంటలు.

తిరిగొచ్చేటప్పుడు పెనుకొండ దగ్గర కారు పక్కకి ఆపించాడు. అవ్వ దిగలేదు, కిటికీలోంచే కొండని చూసి దణ్ణం పెట్టుకుంది. ఆమె లెక్కలో పెనుకొండ కూడా అయిపోయింది.

ఏ గైడులోనూ ఆ ఇంటికి రేటింగ్ ఉండదు. ఏ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చినా ఆ రూటు అన్నిటికంటే కింద పడుతుంది. కానీ ఆ రోజు మార్కులు వెయ్యాల్సింది అవ్వ, సాఫ్ట్‌వేర్ కాదు. పెద్దవ్వకి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ ఇద్దరూ మళ్లీ ఎప్పుడు కలుస్తారో, కలుస్తారో లేదో, ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. లేపాక్షి ఐదు వందల ఏళ్లు ఆగింది, ఇంకొన్నాళ్లు ఆగుతుంది. "గుడి యాడికీ పోదు" అన్నమాటలో అవ్వ చెప్పింది ఒక పక్కా షెడ్యూలింగ్ రూలు: రెండు పనుల్లో ఏది ముందు అని తేలనప్పుడు, ఏది ఆగలేదో అది ముందు. డెడ్‌లైన్ దగ్గరున్న దాన్ని ముందు తీసుకోవడం అని మనం ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో చదువుకునేది అదే.

వచ్చేముందు

కాబట్టి మీరు మా వైపు వస్తే ఇలా చేయండి.

మొదట తిరుగు రైలు టైం రాసుకోండి. దానికి గంటన్నర ముందు ఒక గీత గీయండి. ఆ గీతే మీ అసలు డెడ్‌లైన్.

తర్వాత మీతో వచ్చేవాళ్లలో ఒక్కొక్కరినీ "ఒక్కటే చూడగలిగితే ఏది?" అని అడగండి. మొహమాటంగా "మీ ఇష్టం" అనే వాళ్లని రెండోసారి అడగండి. ఎక్కువసార్లు, ముసలివాళ్ల ఇష్టం మొహమాటం వెనకాలే ఉండిపోతుంది.

ఎక్కే స్టేషన్ని కూడా మార్చగలిగే విషయంగానే చూడండి. చాలా లెక్కలు అక్కడే సులువవుతాయి.

బస్సులో వస్తే రెండు చోట్లు చాలు. బొమ్మలంటే ఇష్టమున్న వాళ్లు లేపాక్షి, ధర్మవరం చూడండి. చరిత్ర ఇష్టమైతే పెనుకొండ, ధర్మవరం. పెళ్లి చీరలకే వస్తే రోజంతా ధర్మవరంలోనే ఉండండి, మగ్గాలు చూశాకే కొనండి. కారుంటే లేపాక్షి, పెనుకొండ చుట్టుదారి బాగుంటుంది. లేపాక్షికి పొద్దున్నే పోండి, గర్భగుడి దర్శనం వేళలు ముందే కనుక్కోండి, లోపలికెళ్లాక స్తంభం కింద కంటే ముందు పైకప్పు చూడండి. నీళ్ల బాటిల్, టోపీ మర్చిపోవద్దు, ఇది అనంతపురం ఎండ.

వదిలేసిన చోటు గురించి బాధపడకండి. హిందూపురం బెంగళూరుకి వంద కిలోమీటర్లే. మన బ్యాచ్‌లో సగం మంది ఎలాగూ ఉద్యోగాలకి బెంగళూరే పోతారు, ఇంకో శనివారం రావచ్చు. ఆగేవి ఆగుతాయి. ఆగనివి మీ వాళ్లలో ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో, టికెట్ బుక్ చేసేముందు ఒకసారి అడిగి చూడండి.